శివారుకు అందింది

నా డైరీల్లో ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవాళ్టి వరకు ఏటా ఒకటి చొప్పున రాసిన డైరీలన్నీ బీరువాలో వరసగా ఉన్నాయి. ఆవిడ పోయిందని తెలిసి, పెద్దకార్యానికి వెళ్ళి వచ్చాక, మూడు రోజులు కూర్చుని వాటిని తిరగేశాను. ఆవిడ ఉంది. చాలాచోట్ల ఉంది. ‘శివారు నుంచి ఫిర్యాదు’, ‘శివారు నుంచి మళ్ళీ ఫిర్యాదు’, ‘శివారావిడ వచ్చి అరిచి వెళ్ళినది’. అంతే. పేరు అడగాలని నాకు ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు ఎవరినో అడిగి తెలుసుకుని ఇక్కడ రాస్తే అది ఆవిడకు గౌరవం కాదు, నన్ను నేను బాగు చేసుకోవడం. కాబట్టి రాయను.

నీటిపారుదల శాఖలో నేను వర్కు ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీరు ముందు అందుతుంది. పారి పారి, పైవాళ్ళందరూ వాడుకోగా మిగిలింది చేరే చివరి పొలాలను శివారు అంటారు. మా పిల్లకాలువకు శివారు ఒక చిన్న పేట. ఇరవై ముప్ఫై ఇళ్ళు, వాటి వెనక మురుగు కాలువ, ఆపైన చవిటి నేల. అక్కడ ఆవిడకు ఎకరం చిల్లర పొలం. దాళ్వా అనే రెండో పంట రోజుల్లో గోదావరిలో నీరు తగ్గితే మేం వంతులు పెట్టేవాళ్ళం. ఇన్ని రోజులు పైవాళ్ళకు, ఇన్ని రోజులు శివారుకు. వంతు మారే రోజున ఆవిడ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర ఉన్న మా ఆఫీసు ముందు తప్పకుండా ఉండేది.

ఆవిడ కంటే ముందు గొంతు వచ్చేది. కాలువ అవతలి గట్టు మీద ఉండగానే షట్టర్లు ఎత్తి దించే మా లస్కరు రిజిస్టరు నా ముందుకు జరిపేవాడు. “వచ్చేత్తుందండి శివారమ్మ,” అనేవాడు. ఆఫీసులో మేం పెట్టుకున్న పేరది, గ్రామదేవత పేరులా. నవ్వుకునేవాళ్ళం.

మనిషి పొట్టి. పమిట చెంగు తలకు చుట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, తడి కాళ్ళతో గుమ్మంలో నిలబడేది. కుర్చీ చూపిస్తే, “కూకుంటే కోపం దిగిపోద్దండి, వొద్దు,” అనేది. ఒకసారి నేను, “అంత అరవకమ్మా, నాకు చెవుడు లేదు,” అన్నాను.

“మా తమ్ముడికి చెవుడండి. వాడితో నేనెప్పుడూ అరవను. అరిసినా ఒకటే, అరవకపోయినా ఒకటే. ఇనపడీ ఇననోళ్ళతోనేనండి అరవాలి.”

లస్కరు బయటకు వెళ్ళి నవ్వుకున్నాడు. నేను నవ్వలేదు. ఆ మాట ఆ రోజు డైరీలో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో తెలియదు. బాగుందని కాబోలు. ఎవరు అన్నారో మాత్రం రాసుకోలేదు.

ఆ తమ్ముడు పుట్టు చెవిటివాడు, మాట లేదు. తల్లీతండ్రీ లేకపోతే ఆవిడే పెంచింది. అతనికి బడి లేదు, ఆవిడకు బడికి తీరిక లేదు. అందువల్ల అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ కలిసి ఒక చేతుల భాష తయారు చేసుకున్నారు. ఎక్కడా నేర్పేది కాదు, ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. ఆ భాష మాట్లాడేవాళ్ళు ఎందరమ్మా అని ఒకసారి అడిగితే, “ఇద్దరున్నరండి. పక్కింటామెకి సగం వచ్చు,” అంది. ఆ మాటలాడేటప్పుడు ఆవిడ మరో మనిషి. గొంతు పూర్తిగా ఆగిపోయేది. ఆ గరుకు వేళ్ళు గాలిలో ఎంత మెత్తగా తిరిగేవో, నాట్లు వేసే చేతులు అవేనా అనిపించేది.

ఇక ఆ దాళ్వా సంగతి రాయాలి.

శివారు వంతు ముగిసిందని రిజిస్టరులో రాసే ముందు, నేను సైకిలు మీద శివారు దాకా వెళ్ళి, అక్కడి గేజి రాతి మీద నీరు గుర్తుకు తగిలిందో లేదో కళ్ళతో చూడాలి. అది నియమం. ఎండలో గట్టు మీద ఐదు కిలోమీటర్లు. నేను ఒక లెక్క కనిపెట్టాను. లాకుల దగ్గర నీరు ఇంత ఉంటే, ఇన్ని గంటల్లో శివారులో ఇంత ఉంటుంది. లెక్క బాగానే ఉండేది. మధ్యలో పైవాళ్ళు రాత్రి తూములు ఎత్తుకుంటారన్న సంగతి లెక్కలో లేదు, అంతే. ఆ లెక్క ప్రకారం కుర్చీలో కూర్చుని ‘శివారుకు అందింది’ అని రాసేవాణ్ణి. ‘అందింది’ కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీసేవాణ్ణి. పై అధికారి కంటికి వెంటనే ఆనాలని నాకు నేను పెట్టుకున్న పద్ధతి. రాశాక లస్కరు వైపు చూసి రెండు చేతులూ కిందికి దించేవాణ్ణి. లాకుల హోరులో మాట వినబడదు కదా. షట్టరు దించెయ్యమని దానర్థం.

ఆ రోజు ఆవిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతనికప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఆవిడ వచ్చేసరికి నేను రాస్తున్నాను. గుమ్మంలో నిలబడి ఆవిడ అరుస్తోంది. నేను రెండు గీతలూ గీసి, లస్కరుకు చేతులు దించి చూపించి, అప్పుడు తలెత్తాను. ఆవిడ ఒళ్ళోంచి ఎండిన వరి దుబ్బు ఒకటి తీసి, వేళ్ళకు అంటిన మట్టితో సహా రిజిస్టరు మీద పెట్టింది.

“అందిందని రాశారంట కదండీ. ఇదిగోనండి, దీన్నడగండి అందిందో లేదో.”

“వంతు అయిపోయిందమ్మా. షట్టరు దించేశారు. మళ్ళీ వంతుకి చూద్దాం.”

“మళ్ళీ వొంతా? పంట ఎండిపోయాక వొచ్చే నీళ్ళు కాళ్ళు కడుక్కోడానికండి.”

తమ్ముడు నా చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఏడు ఆవిడ చేను పశువుల పాలైంది. మరుసటి నెలలో తమ్ముడు హైదరాబాదు వెళ్ళి ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పనిలో చేరాడు. మా లస్కరు చెబితే విన్నాను. నా డైరీలో ఆ రోజు పేజీ మీద చిన్న మట్టి మరక ఉంది. రిజిస్టరు మీద దులిపిన మట్టి, పక్కనే ఉన్న డైరీ మీద పడింది. దాని కింద నా అక్షరాలు: ‘శివారు వంతు ముగిసినది. ఇతర విశేషములు లేవు.’

తర్వాత ఆవిడ ఆఫీసుకు రావడం మానేసింది. చాలా ఏళ్ళు నాకు కనబడలేదు. నేను రిటైరై, లాకులున్న ఊళ్ళోనే, మెయిన్ రోడ్డు మీద ఇల్లు కట్టుకున్నాను. ఇది కాలువకే కాదు, అన్నిటికీ మొదలు. రోడ్డు మాకే ముందు పడింది. ఫైబర్ ఇంటర్నెట్ కూడా మాకే ముందు వచ్చింది. రెండు కంపెనీల తీగలు మా వీధి స్తంభాల మీద ఒకదానితో ఒకటి పోటీపడి అల్లుకున్నాయి. మా ఇంట్లో గోడకు ఒక బాక్సు, దానికి నాలుగు ఆకుపచ్చ దీపాలు. అంత వేగంతో నేను చూసేది పొద్దున వార్తలు, సాయంత్రం ఒక ప్రవచనం.

ఒకరోజు పొద్దున నడకకు వెళ్తుంటే లాకుల దగ్గర పాత గేజి రాయి ముందు ఒకావిడ నిలబడి చేతులు తిప్పుతోంది. దగ్గరకు వెళ్ళి చూస్తే శివారమ్మే. తల నెరిసింది. గేజి రాతికి ఒక ఫోను ఆనించి ఉంది. చేతులతో మాట్లాడేవాళ్ళకు ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు కదా. తెరమీద తమ్ముడు. అతని చెయ్యి గాలిలోకి లేచి, అక్కడే బిగుసుకుపోయి ఉంది.

“ఆగిపోయాడండి,” అంది నన్ను చూసి, నిన్ననే కలిసినట్టు. “మా పేటలో అసలు పలకదు. ఇక్కడికొత్తే మొకం కనపడుద్ది, సెయ్యి ఆగిపోద్ది. మీకైతే బొమ్మ ఆగిపోయినా మాటైనా ఇనపడుద్ది. మాకు సెయ్యి ఆగితే మాట గొంతులో ఇరుక్కున్నట్టేనండి.”

“పెద్దవాడయ్యాడే. బాగున్నాడా?”

“కళ్ళు తగ్గిపోతున్నాయన్నాడండి మొన్నటిదాకా. ఇప్పుడు బాగయ్యాయంట. పెద్దాసుపత్రికి ఎల్లాడు. కళ్ళు, బాగు, అని చెప్పాడు. అమ్మవారికి పొంగలి పెట్టానండి.”

తెరమీద బొమ్మ కదలలేదు. ఆవిడ కాసేపు చూసి ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి బొడ్లో దోపుకుంది. శివారు దాకా ఐదు కిలోమీటర్లు నడిచి వెళ్ళాలి. నాకు అప్పుడు మంచితనం పుట్టింది. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. మా పెద్ద టీవీలో బొమ్మ ఆగదని, తమ్ముడు నిలువెత్తున కనబడతాడని చెప్పాను.

ఆదివారం పది గంటలకు వచ్చింది. కాళ్ళు కడుక్కుని వచ్చి, హాల్లో కింద కూర్చుంది. మా ఆవిడ టీ ఇచ్చింది. టీవీలో తమ్ముడు కనబడగానే ఆవిడ లేచి నిలబడింది. ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి. నవ్వారు, తిట్టుకున్నారు, అది మాకూ అర్థమైంది. తర్వాత ఆవిడ రెండు వేళ్ళు కళ్ళ కింద ఆనించి ఏదో అడిగింది. అతను బదులు చెప్పాడు. కళ్ళు చూపించాడు. అరచెయ్యి గుండె మీద నిమిరాడు. ఆ తర్వాత అదే అరచెయ్యి ముందుకు చాపి అటూ ఇటూ ఊపాడు.

ఆవిడ చేతులు కిందికి జారిపోయాయి. మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ అదే చెప్పాడు, ఈసారి నిదానంగా. కళ్ళు. బాగు. అరచెయ్యి అటూ ఇటూ.

మా ఆవిడ, “ఏమైందమ్మా?” అంది.

“కాదు అనేది రాలేదండి అప్పుడు,” అంది ఆవిడ, మొదటిసారిగా చిన్న గొంతుతో. “బాగు, బాగు కాదు. మన మాటల్లోనూ కాదు, లేదు చివరే కదండీ వొత్తాయి. ఆ చివరిదొచ్చేలోగా ఆగిపోయింది. నేను పొంగలి పెట్టేశాను.”

అతనికి చుట్టుపక్కల నుంచి చూపు మూసుకుపోతోందట. మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కొంచెం మిగిలిందట. అదీ ఇంకో ఏడాదో రెండేళ్ళో అన్నారట. ఆ ప్రెస్సు యజమానికి అంతకు ముందు ఎవరిచేతో ఫోను చేయిస్తే, “బానే ఉన్నాడమ్మా, పని చేసుకుంటున్నాడు,” అన్నాడట. ఆ చూపు పూర్తిగా పోతే అతనికి ఆవిడ చేతులు కనబడవు. ఆవిడ గొంతు ఎప్పుడూ వినబడలేదు. ఇక వాళ్ళిద్దరి మధ్య ఏమీ ఉండదు.

ఆదివారాలు వచ్చేది. మా ఆవిడతో బాగా కలిసిపోయింది. వాళ్ళ భాషలో మనుషులకు పేర్లు చేతులతోనేనట. మా ఆవిడకు ముక్కుపుడక మీద వేలు ఆనించి పేరు పెట్టింది. పేటలో ఒక పెద్దరైతుకు మీసం. ఆర్.ఎం.పి. డాక్టరుకు సూది కాదు, చొక్కా జేబు తడుముకోవడం. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, “మరి మా ఆయన్ని ఏమంటారు?” అంది.

ఆవిడ నా వైపు చూసింది. ఎడమ అరచేతి మీద కుడి చూపుడువేలితో ఏదో గీసింది. అక్కడ ఆగింది.

“రాసే ఆయన! అంతేనా?” అంది మా ఆవిడ.

“అంతేనండి,” అని టీ గ్లాసు అందుకుంది.

నాకు లోపల సంతోషంగానే అనిపించింది. జీవితమంతా రాసినవాణ్ణి కదా, ఆ మూగ భాషలో కూడా నా పేరు అదే అయిందనుకున్నాను. డైరీలో ఎక్కించాను.

ఒక ఆదివారం వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అంది: “మీరు మంచోళ్ళండి, కాదన్ను. కానీ మీ ఇంట్లో మీరు ఫోను మాటాడాలంటే గదిలోకెళ్ళి తలుపేసుకుంటారు. మా మాట నలుగురి మజ్జిలో టీవీలో ఆడుతుంది. సేతుల్తో ఏడవడం మీ హాల్లో బాగోదండి. నా ఇంటికి తీగ కావాలి. వాడి కళ్ళు ఉండగా కావాలి.”

అప్పటికే తీగ ఆవిడ ఇంటి మీదుగా పోతోంది. అదే అన్నిటికంటే పెద్ద పరాచికం. పేటకు అవతల రొయ్యల చెరువులు తవ్వారు. ఆ చెరువులాయన రాజమండ్రిలో ఉంటాడు. దొంగలు పడకుండా గట్ల మీద కెమెరాలు పెట్టించి, ఇంట్లో కూర్చుని చూసుకోవడానికి ఫైబర్ లాగించుకున్నాడు. ఆ తీగ శివారమ్మ పెంకుటింటి చూరుకు బారెడు ఎత్తున పోతుంది. కేబుల్ ఆయన్ని నా ఎదురుగానే అడిగింది.

“అది పర్సనల్ లైనమ్మా. ఆయన స్తంభాలు ఆయనే వేసుకున్నాడు. మధ్యలో తీసి ఇవ్వడానికి కుదరదు. మీ పేటలో ఎంతమంది పెట్టించుకుంటారు? ముగ్గురో నలుగురో. వర్కవుట్ అవ్వదమ్మా.”

“అయితే రొయ్యలకి చదువొచ్చేమోనండీ, ఇంటర్నెట్టు చూత్తున్నాయి.”

“నన్నంటే ఏం లాభమమ్మా?”

“మిమ్మల్నేవీ అన్లేదండి. పైవాళ్ళ దాహం తీరాక కదా కిందోళ్ళకి తడి. ఎప్పుడూ ఉన్నదే. కాలవైతే వొంతన్నా ఉండేది. మీ తీగలో వొంతు కూడా లేదు.”

ఇప్పుడు నా సంగతి. తప్పించుకోవడానికి లేదు, ఈ డైరీ కూడా నా దగ్గరే ఉంది.

అంతకు కొద్ది నెలల ముందు, గ్రామ సచివాలయం నుంచి ఒక ఉద్యోగి కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఊరంతటికీ బ్రాడ్‌బ్యాండు అందిందని ఊరి పెద్దల చేత రాయించి పైకి పంపాలట. “మీ చేతిరాత ముత్యాలండి, మీరు రాస్తే పైన ఎవరూ మళ్ళీ అడగరు,” అన్నాడు. శివారు పేట మాట అడిగాను. అడగకపోలేదు. “పేట బళ్ళో బాక్సు బిగించేశామండి,” అన్నాడు. ఆ బడి మూసేసి రెండేళ్ళయింది. బాక్సుకు దీపం వెలుగుతోందా అన్నాను. “పదిహేను రోజుల్లో వెలుగుతుందండి. రేపు పంపకపోతే మన మండలం లిస్టులో వెనకబడిపోద్ది.”

ఐదు కిలోమీటర్లు. ఇప్పుడు సైకిలు కూడా అక్కర్లేదు, ఆటోలు ఉన్నాయి. నేను వెళ్ళి చూడలేదు. కుర్చీలో కూర్చుని రాశాను. ‘శివారు పేటతో సహా గ్రామమంతటికీ సదుపాయము అందింది.’ సంతకం పెట్టాను. చెయ్యి దానంతటదే స్కేలు అందుకుంది.

ఆవిడ సోమవారం అర్జీల రోజున మండలాఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టింది. ఎవరిచేతో రాయించుకుంది. నన్ను అడగలేదు. నెలకు జవాబు వచ్చింది. అది చదివించుకోవడానికి మాత్రం నా దగ్గరకు వచ్చింది, ఒక బుధవారం పొద్దున. కవరు విప్పి నా చేతిలో పెట్టింది. రెండు కాగితాలు. మొదటిది టైపు చేసిన జవాబు. రెండోది దానికి జతచేసిన జిరాక్సు, నా చేతిరాత.

“ఏమని రాశారండి?”

“మీ పేటకి ఇప్పటికే ఇచ్చేశారని ఉంది.”

“ఇచ్చేశారా? ఎవరు చెప్పారంటండి?”

ఆవిడకు చదువు రాదు. నా పేరు కాగితం అడుగున ఉంది. చెప్పడానికి నాకు ఒక్క క్షణం దొరికింది. నిజానికి అంతకంటే ఎక్కువే దొరికింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకునేంత.

“ఎవరో ఆఫీసువాళ్ళు,” అన్నాను.

ఆవిడ రెండో కాగితం నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. వేలు ఒకచోట ఆగింది.

“రెండు గీతలు,” అంది.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. కాగితాలు రెండూ మడత ప్రకారం మడిచి, కవరులో పెట్టి, బొడ్లో దోపుకుని, “వొత్తానండి,” అని వెళ్ళిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ, “టీ పెట్టాను, ఉండమనండి!” అని కేకేసింది. అప్పటికి ఆవిడ గేటు దాటింది.

డైరీ: ‘ఆదివారం. శివారావిడ రాలేదు.’ తర్వాతి ఆదివారం, అదే. ఆ తర్వాత కూడా. నాలుగో వారం నుంచి రాయడం మానేశాను. ఒక అర్జీ నేను పెట్టవచ్చు. నేను చూడకుండా రాశాను, అది తప్పు, అక్కడ ఏమీ లేదు, అని. నా సంతకం మీద నేనే ఫిర్యాదు చేయాలి. రెండుసార్లు కాగితం తీశాను. ఒకసారి తేదీ కూడా వేశాను. ‘ఎందుకు లేనిపోనిది, ఈ వయసులో’ అని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను. ఏడాదిన్నర అలాగే గడిచింది.

పోయిన నెలలో రెండు రోజులు జ్వరంతో పడుకుని ఆవిడ పోయింది. పెద్దకార్యానికి మా ఆవిడ పట్టుబట్టి నన్ను తీసుకువెళ్ళింది. శివారు పేటకు నేను మళ్ళీ వెళ్ళింది ఆ రోజే. ఆటో దిగగానే మూసేసిన బడి కనబడింది. గోడ మీద బాక్సు ఉంది. దీపం లేదు. అందులో సాలీడు గూడు పెట్టింది.

ఇంటి ముందు చిన్న టెంటు. దాని మీదుగా చెరువుల తీగ. పక్కింటామె, ఆ సగం భాష వచ్చిన ఆవిడ, మాకు కుర్చీలు వేసింది.

“ఆఖరి దాకా ఆ లాకుల దగ్గర గేజి రాయి కాడికి నడిసిందండి. ఇటు తమ్ముడికి కళ్ళు కనపడ్డం మానేశాయి, అటు బొమ్మ ఆగిపోయేది. ఆగిపోయిన బొమ్మకే సేతులు తిప్పుతా ఉండేది. ఎందుకొదినా, ఆగిపోయింది కదా అంటే, నా నీళ్ళు నేనొదుల్తాను, అందితే అందుతాయి అనేది.”

తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటాయి. గుండు చేయించుకున్నాడు. తల కాస్త పక్కకు వంచి, ఎక్కడో దూరంగా చూస్తున్నట్టున్నాడు. ఎవరైనా దగ్గరకు వస్తే పక్కింటామె అతని చేతిని తన చేతిలోకి తీసుకుని అందులోనే చెబుతోంది. గాలిలో ఉండే మాటలు ఇప్పుడు చర్మం మీదికి వచ్చాయి. మా ఆవిడను చూపించి అతని ముక్కు పక్కన వేలు ఆనించింది. అతని ముఖం వికసించింది. మా ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు.

తర్వాత పక్కింటామె నా వైపు చూసి, అతని అరచేతిలో ఏదో గీసింది. అతను నవ్వడం ఆపాడు. చెయ్యి చాపాడు. నేను ఇచ్చాను. నా అరచెయ్యి వెల్లకిలా తిప్పి, చూపుడువేలితో ఒక గీత గీశాడు. దాని కింద, కొంచెం ఎడంగా, ఇంకో గీత. తర్వాత తన రెండు అరచేతులూ నా చేతి మీద పెట్టి కిందికి నొక్కాడు. నిదానంగా, షట్టరు దిగేటంత నిదానంగా, నా చెయ్యి నా మోకాలికి తగిలేదాకా.

“మీ పేరేనండి అది,” అంది పక్కింటామె. “అక్కాతమ్ముళ్ళిద్దరూ మిమ్మల్ని అలాగే అనేవోరు, ఎప్పట్నించో. రెండు గీతలు గీసి దించేసే ఆయన. ఈయనే పెట్టాడంట ఆ పేరు, కుర్రాడప్పుడు. దేనికో నాకు తెలీదు. దేనికండి?”

మా ఆవిడ నా వైపు చూసింది. ఆమెకూ తెలియదు.

“ఏదో పాత కాలువ పని సంగతమ్మా,” అన్నాను. “శివారుకి నీళ్ళు వదిలేవాళ్ళం కదా, అది గుర్తు పెట్టుకున్నట్టున్నాడు.”

పక్కింటామె ఆ మాటను తన సగం భాషలో అతని చేతిలో పెట్టింది. అతను శ్రద్ధగా విన్నాడు, వేళ్ళతో. ఆమె చెప్పడం పూర్తయ్యాక, నా ముఖం ఎక్కడుందో వెతికి పట్టుకుని, దానికి ఎదురుగా అరచెయ్యి నిలబెట్టి, అటూ ఇటూ ఊపాడు.

అది నాకు అందింది. ఎక్కడా ఆగలేదు.